కాట్రేనికోన పెట్టెలలోని అమానతు

అమలాపురం నుండి ముమ్మిడివరం మీదుగా కాట్రేనికోనకు సాగే దారిలో కాలువలూ, కొబ్బరితోటలూ, వరిచేలూ కనువిందు చేస్తాయి. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ తోటలు పలచబడి రొయ్యల చెరువులు ఎదురవుతాయి. ఆపైన బలుసుతిప్ప, గౌతమీ పాయ, మడ అడవులు. 1996 నవంబరు 6 నాటి తుఫాను ఈ తీరాన్ని ఎలా ఊడ్చివేసిందో ఇక్కడి పెద్దలు నేటికీ మరువలేదు. తుఫాను లేని నాడు కూడా ఇక్కడి ఉప్పుగాలి ఊరకుండదు. ఇనుమును తుప్పు పట్టిస్తుంది, కాగితాన్ని మెల్లగా తినివేస్తుంది.

ఒక నికాహ్ సందర్భంగా మేము ఇటీవల ఈ ప్రాంతానికి వెళ్ళాము. కోనసీమలో మన వారి సంఖ్య స్వల్పం. విందు ముగిశాక డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి, "మౌలానా, తెలుగు ముస్లింల ధర్మం, సంస్కృతి గురించి వ్యాసం రాయాలి. ఏ గ్రంథాలయానికి వెళ్ళమంటారు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఎందరో పిల్లల మనసులో ఇదే ప్రశ్న ఉండవచ్చు కనుక సమాధానాన్ని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాము.

ముందుగా గోదావరి తీరమే చూడండి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం పాత తెలుగు గ్రంథాలకు, పత్రికలకు పెట్టింది పేరు. పిఠాపురం వెళితే ఉమర్ అలీషా (1885–1945) గుర్తుకు వస్తారు. ముస్లిం ఇంట పుట్టి తెలుగు పద్యాన్ని అంత చక్కగా నడిపిన ఆయన ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగులోకి తెచ్చారు. దివ్య ఖుర్ఆన్‌కు తెలుగు అనువాదం 1925లోనే వెలువడింది. ఆ పని చేసినవారు ముస్లిమేతర పండితుడు చిలుకూరి నారాయణరావు గారు. హైదరాబాదుకు వెళితే 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. అరుదైన అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసి లోకానికి అందించిన సంస్థ అది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో మొదలైనదే.

ఇవన్నీ చెప్పాక ఆ అబ్బాయి మరో ప్రశ్న వేశాడు. "వీటిలో మా ఊరి ముస్లింల సంగతి ఉంటుందా?"

పండితుల గ్రంథాలు అక్కడ ఉన్నాయి. పల్లె ముస్లిం ఇంటి కథ మాత్రం ఆ ఇంటి ట్రంకుపెట్టెలోనే ఉంది. ఆ ఇంటివారు తమ పెట్టె దించి చూపారు. ఉర్దూలో రాసిన నికాహ్‌నామాలు, మస్జిదు జమాఖర్చుల పుస్తకం, తెలుగు లిపిలో రాసుకున్న దుఆలు, కువైట్ నుండి వచ్చిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. "మా అత్తగారు పోయాక ఈ ఉర్దూ చదివేవారు ఇంట్లో లేరు మౌల్వీ సాబ్" అని కోడలు చెప్పింది. కొన్ని కాగితాలు అప్పటికే ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఇలాంటి స్థితినే మరో సమాజం ఎలా ఎదుర్కొన్నదో గమనించండి. అమెరికాలో మెక్సికో, ప్యూర్టోరికో మొదలైన చోట్ల మూలాలున్న ప్రజలను లాటినోలు అంటారు. వారి భాష, ధర్మం, సంస్కృతి చదవగోరేవారికి ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1921 నుండి ఒక పెద్ద సేకరణ ఉంది. న్యూయార్క్‌లో 1973లో ఏర్పడి హంటర్ కళాశాలలో ఉన్న ప్యూర్టోరికో అధ్యయన కేంద్రం వలస వచ్చిన సామాన్యుల ఉత్తరాలను, ఫొటోలను, సంఘాల పత్రాలను సైతం భద్రపరచింది. ఆ లాటినోలలో ముస్లింలూ ఉన్నారు. వారు మాట్లాడే స్పానిష్ భాషలో ఆశను తెలిపే 'ఓహలా' అనే మాట ఉంది. అందులో అల్లాహ్ నామమే దాగి ఉంది. అందలుసియా ముస్లింల జ్ఞాపకం ఒక్క మాటలో శతాబ్దాలు నిలిచింది. కానీ అన్ని జ్ఞాపకాలూ మాటలో నిలవవు, కాగితం కావాలి.

యమామా యుద్ధంలో ఎందరో హాఫిజులు షహీదులైనప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆదేశంపై జైద్ బిన్ సాబిత్ (రజి) ఖర్జూర మట్టల నుండి, పలుచని రాళ్ళ నుండి, మనుషుల హృదయాల నుండి దివ్యవాణిని సేకరించారు. దైవగ్రంథంతో మన ఇంటి కాగితాలకు పోలిక లేదు. అయితే తెలిసినవారు వెళ్ళిపోకముందే సేకరించాలన్న పాఠం మాత్రం మనదే.

కనుక సోదర సోదరీమణులారా! ఎండ కాసే రోజున పెట్టె తెరవండి. కాగితాలను నీడలో గాలికి ఆరనివ్వండి. ప్లాస్టిక్ సంచిలో బిగించవద్దు, లామినేషన్ చేయించవద్దు. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, ఎండు వేపాకును విడిగా చిన్న మూటకట్టి పక్కన ఉంచండి. ప్రతి కాగితాన్నీ ఫోనుతో ఫొటో తీసి, అది ఎవరిదో, ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో రాసిపెట్టండి. ఉర్దూ తెలిసిన పెద్దల చేత చదివించి తెలుగులో ఎక్కించండి. వక్ఫ్ భూమికో, ఖబ్రస్తాన్‌కో సంబంధించిన కాగితం కనబడితే నకలు తీయించి మస్జిదు కమిటీకి ఇవ్వండి. రేపు వివాదం వస్తే ఆ ఒక్క కాగితమే సాక్ష్యం కావచ్చు.

పూర్వీకులు మన చేతిలో పెట్టిన ఈ అమానతును చెదలకూ, చెమ్మకూ వదలక మన పిల్లలకు అందించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.