రాళ్లయిన స్కోన్లు

నేను ఎడింబరోలో చదువుకునే రోజుల్లో మా ఇంటిగల ముసలమ్మగారికి జబ్బు చేసింది. ఆమెకు టీతో పెడదామని స్కోన్లనే చిన్న రొట్టెలు చేశాను. పిండిని చపాతీలకులాగా బాగా పిసికాను. అవి కాస్తా రాళ్లయినాయి! పాపం, ఆమె టీలో నానబెట్టుకు తిన్నది.

మర్నాడు తానే చెప్పింది. మైదాలో వెన్న నలిపి, వంటసోడా వేసి, మజ్జిగ పోసి, ముద్ద కాగానే చెయ్యి తీసి, వెంటనే కాల్చాలట. మజ్జిగ పులుపుతో సోడా కలిస్తే బొగ్గుపులుసు వాయువు పుట్టి రొట్టెను పొంగిస్తుంది. ఎక్కువ పిసికితే పిండి సాగి, రొట్టె బిగుస్తుంది.

స్కాట్లండులో బంగాళాదుంప స్కోన్లు కూడా ఉన్నాయి. వాటిని పెనంమీద కాలుస్తారు. ఇంగ్లండులో డెవన్ వారు స్కోనుమీద ముందు మీగడ రాస్తే, పక్కనున్న కార్న్‌వాల్ వారు ముందు జామ్ రాయాలంటారు. ఆ తగవులో నేను దూరను.

రెండోసారి నేను చేసినవి ఆమె టీలో ముంచలేదు.