గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే సరిపోదు

మా నాయనది బాడుగ బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారు. దువ్వూరు నుంచి ప్రొద్దుటూరు ఆసుపత్రులకు, పెళ్లిళ్లకు, తిరుపతికి తిప్పుతుంటాడు. అది కదిలితేనే మా ఇంట్లో నెల గడుస్తుంది.

పోయిన మే నెలలో తిరుపతి బాడుగకు వెళ్తుంటే రాజంపేట దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది. నాయన వెంటనే బండి ఆపేశాడు. ప్యాసింజర్లను వేరే బండి ఎక్కించి, మాదాన్ని లాగించుకొచ్చాడు. ఒక మెకానిక్ చూసి "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అన్నాడు. రెండు రోజుల్లో కొత్తది వేసిచ్చాడు.

మూడు వారాలకే మళ్లీ మొదలు. రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతున్నాయి. సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు ఎక్కువైన టీ రంగులో నురగ. పెళ్లిళ్ల సీజన్, చేతికొచ్చిన బాడుగలన్నీ పోయాయి.

ఇంతకీ ఈ గ్యాస్కెట్ అంటే ఏంటి? ఇంజిన్ బ్లాక్‌కీ, పైనుండే సిలిండర్ హెడ్‌కీ మధ్య పెట్టే పల్చటి రేకు. లోపల మండే గ్యాసు, కూలెంట్, ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా అడ్డుకునేది అదే. అది కాలిపోతే ఇవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవచ్చు.

ఈసారి ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం.

"కొత్త గ్యాస్కెట్ వేసి నెల కూడా కాలేదన్నా" అన్నాడు నాయన.

"గ్యాస్కెట్‌దేముందప్పా! అది ఎందుకు పోయిందో చూసినారా?" అన్నాడాయన.

హెడ్ దించి, శుభ్రంగా తుడిచి, దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టాడు. కింద సన్నటి గేజ్ రేకు దూర్చితే మధ్యలో సులువుగా దూరిపోయింది. హెడ్ వంగింది! ఈ కాలం కార్లలో చాలావాటికి హెడ్ అల్యూమినియందే. ఓవర్ హీట్ అయితే వంగుతుంది. 0.1 మిల్లీమీటరు వంపున్నా చాలా ఇంజిన్లకు ఎక్కువే. వంగినదాని కింద ఎంత కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు.

హెడ్‌ను లేత్‌కు పంపి, పగుళ్లున్నాయేమో ప్రెజర్ టెస్ట్ చేయించి, అడుగు చదును చేయించాడు. అసలు దొంగ మాత్రం రేడియేటర్లో దొరికాడు. సగం గొట్టాలు తెల్లటి పొరతో పూడిపోయి ఉన్నాయి. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే పట్టే పొర అది. రేడియేటర్ మార్చి, థర్మోస్టాట్, ఫ్యాన్, వాటర్ పంప్ కూడా చూశాడు.

బిగించేటప్పుడు పాత బోల్టులు పక్కన పడేశాడు. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అదే పట్టు పట్టదట. కొత్తవాటిని టార్క్ రెంచ్‌తో మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు, విడతలు విడతలుగా బిగించాడు. చివర్లో కొత్త ఆయిల్, కొత్త కూలెంట్. మొత్తం ఐదు రోజులు. బిల్లు మొదటిసారి కంటే రెట్టింపు పైనే. కానీ మొదటిసారి పెట్టిన డబ్బు, పోయిన బాడుగలు కలిపి చూస్తే ఇదే చవక.

మీ ఇంట్లో కారుకి ఇలా జరిగితే మెకానిక్‌ను మూడు ప్రశ్నలు అడగండి. హెడ్ లేత్‌కు పంపుతున్నారా? బోల్టులు కొత్తవేనా? అసలు ఎందుకు వేడెక్కింది? మూడోదానికి జవాబు రాకపోతే బండి బయటికి తీయొద్దు. గ్యాస్కెట్ ధర కంటే హెడ్ దించే కూలీ ఎక్కువ. ఆ కూలీ రెండుసార్లు కట్టే పని పెట్టుకోకండి.