పేరు పెట్టని వ్యాధి, ప్రయాణపు బీమా

పుత్రిక తొలికాన్పునకు తల్లి దగ్గఱ నుండుట మనలో నెంతటి విధియో సోదరీమణులకు నేను చెప్పనక్కఱలేదు. పూర్వము బిడ్డను పుట్టింటికి దీసికొనివచ్చి పురుడు పోసెడివారము. ఇప్పుడు బిడ్డలు సముద్రముల కావల నుండుటచే తల్లులే విమానమెక్కి పోవలసి వచ్చుచున్నది. మా అమలాపురములో మా వీథినుండియే యట్లు పోయి వచ్చినవారు నలుగురైదుగురు గలరు.

మా యమ్మాయి అమెరికాలో డాలస్ నగరమున నున్నది. 2024 సంవత్సరము సెప్టెంబరు నెలాఖరున దానికి పురుడు రావలసి యుండెను. నాకు వీసా అంతకు పూర్వమే లభించినది. జూన్ మాసమున టిక్కెట్టు కొంటిమి. శొంఠి, పిప్పళ్లు, వాము ఎండబెట్టి, దంచి, కాయము చేసి సీసాలకెత్తితిని. ఆత్రేయపురమునుండి పూతరేకులు చెప్పి పెట్టితిని. అన్నియు జ్ఞాపకముంచుకొని బీమా మాటనుమాత్రము మఱచితిని. మఱచుటకును కారణమున్నది. ఐరోపాలోని షెంజెన్ దేశములకు పోవువారు ముప్పదివేల యూరోలకు తక్కువగాని వైద్యబీమా చూపినగాని వీసా పొందజాలరు. అమెరికా సందర్శకుల కట్టి నిర్బంధము లేదు. అడుగనివారికి మనమేల చూపవలెనని యూరకుంటిమి.

ఆగస్టు మాసమున నొకనాటి యుదయము స్నానము చేయుచుండగా నా యెడమ రొమ్మున రేగుపండంత గడ్డ చేతికి దగిలెను. నొప్పి లేదు. ఈ మాట వ్రాయుటకు నా కలము కొంచెము జంకినది. కాని ఆడువారి పత్రికలో ఆడువారము గాక మఱెవరు వ్రాయుదురు? పదిదినము లెవరితోను చెప్పలేదు. ప్రతిదినము తడిమి చూచుకొని, నేడు తగ్గినదని యొకప్పుడును, పెరిగినదని యొకప్పుడును అనుకొనుచుంటిని. ఆ పదిదినములు నేను చేసిన తెలివితక్కువ పనికి ఇప్పటికిని నన్ను నేను క్షమించుకొనలేదు. తుదకు మావారితో చెప్పగా, వారు మాఱుమాటాడక మఱునాడే కాకినాడకు దీసికొనిపోయిరి.

అచట మామోగ్రాము తీసి, గడ్డను నాలుగవ తరగతిలో ‘ఎ’ భాగమున చేర్చిరి. వైద్యురాలు నిదానముగా వివరించినది. నాలుగవ తరగతి యనగా సందేహింపదగినది. సూదితో ముక్క తీసి చూచినగాని నిశ్చయము కాదు. అందులో ‘ఎ’ యనగా కేన్సరగుటకు నూటికి రెండు మొదలు పదివఱకు మాత్రమే యవకాశము. నూటికి తొంబదిమంది క్షేమముగా నుందురన్నమాట. ఆ లెక్క వినునపుడు ధైర్యము కలిగెను గాని, రాత్రి పండుకొనినతోడనే నేనా పదిమందిలోని దాననే యైతిని. సూదిపరీక్ష జరిగినది. ఫలితమునకు పదిదినములు పట్టునని చెప్పిరి. ప్రయాణమున కిరువదిదినములు మాత్రమే గడువుండెను.

అప్పుడు మావారికి బీమా జ్ఞాపకము వచ్చినది. అమెరికాలో ప్రాణాపాయస్థితిలో వచ్చినవారిని, డబ్బున్నను లేకున్నను, ఆసుపత్రివారు పరీక్షించి నిలుకడకు తేవలెనని 1986లో చేసిన చట్టమొకటి గలదు. కాని చికిత్స చేసిన పిమ్మట బిల్లు పంపకుందురని ఆ చట్టము చెప్పదు. ఆ భారము అల్లునిపై బడును.

బీమా ఏజెంటు మా యింటికి వచ్చెను. మంచివాడే, మర్యాద తెలిసినవాడు. దరఖాస్తులో నొక ప్రశ్న యుండెను: మీకు పూర్వమేదైన వ్యాధి కలదా, ఏ వైద్యపరీక్షయైన జరుగుచున్నదా, ఫలితమునకై వేచియున్నారా? నేను కాకినాడ కాగితములను ముందుంచితిని. అతడు వానిని చూచి మెల్లగా మడిచి నాకే యిచ్చెను.

“అమ్మగారూ, డాక్టరుగారు మీకు జబ్బున్నదని చెప్పలేదు గదా! పేరు పెట్టని జబ్బు జబ్బు కాదండి. లేదని వ్రాసేద్దాము” అనెను.

మావారును నా మొగము వంక చూచిరి. వారి యభిప్రాయము నాకు తెలిసినది. నాకును ఆ మాట తీయగానే యుండెను. నిజముగా నాకు వ్యాధి యున్నదో లేదో ఎవరికిని తెలియదు. తెలియనిదానిని లేదనుట అబద్ధమగునా? రెండుదినములు గడువడిగితిని.

ఆ సాయంకాలము మా యింట వంటకు సాయము చేయుచుండిన యామె సెలవు తీసికొనుటకు వచ్చినది. రాజోలు ప్రాంతమునుండి వచ్చిన మనిషి; ఇంటిపనికై కువైటునకు పోవుచుండెను. మన కోనసీమనుండి గల్ఫు దేశములకిట్లు పోవు స్త్రీలెందఱో. నా సంగతి వినినంతనే ఆమె కూలబడి, “నాకూ అంతేనండి. రొమ్ము ఫొటోలో నీడ పడిందని మళ్లీ తీశారు. వారం రోజులు అన్నం సయించలేదండి. ఆయ్, అన్‌ఫిట్టంటే అప్పు తీర్చేదెలాగని” అనెను. అదృష్టవశమున రెండవమాఱు తీసిన చిత్రము నిర్మలముగా నున్నది. ఆమె సంచిలోని కాగితములు నాచేత చదివించుకొనినది. వీసాకు సంబంధించినదని ఆమె యనుకొనుచున్న కాగితమొకటి నిజమునకు బీమాపత్రము: ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఎమిగ్రేషన్ అనుమతి కావలసిన పనివారు దీనిని తప్పక తీసికొనవలెను. 2003లో నేర్పడి, 2017లో సవరింపబడినది. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను పదిలక్షల రూపాయలు. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయల రుసుము. జబ్బుపడి పనికి తగనిదైనచో తిరుగు విమానపు ఖర్చునకు ఏర్పాటును, ఆసుపత్రి ఖర్చునకు పరిమితమైన సాయమును అందు గలవు. ఇదంతయు చదివి చెప్పగా ఆమె, “ఇంతుందా అండి దీంట్లో!” అని దానిని విడిగా నొక గుడ్డలో చుట్టుకొనినది. ఆమెకు చదివి చెప్పిన నేను, నా పాలసీని మాత్రమేల చదువకుండ సంతకము చేయవలెనని నాకప్పుడు తోచినది.

చదివితిని. చిన్నయక్షరములు, కన్నులకు నీరువచ్చెను. పూర్వవ్యాధి యనగా వైద్యుడు పేరు పెట్టిన వ్యాధి మాత్రమే కాదనియు, లక్షణము కనబడి వైద్యుని సలహా పొందినదియు, పరీక్ష సూచింపబడినదియు నందే చేరుననియు అచట స్పష్టముగ నున్నది. ఏజెంటు మాట ఒక్క వాక్యముతో కొట్టుకొనిపోయినది. దాచి వ్రాసినచో పాలసీయంతయు రద్దగును. అప్పుడు గడ్డకే కాదు, మెట్లపై జారి కాలు విఱిగినను దిక్కుండదు.

మా మరిది అమలాపురము కోర్టులో వకీలు. అతని నడుగగా నవ్వి, “వదినా, బీమాకు పునాది నమ్మకము. 1766లో మాన్స్‌ఫీల్డు ప్రభువు లండనులో తీర్పు చెప్పినప్పటినుండి ఇదే మాట. సుమత్రాలోని యొక కోటకు గవర్నరు బీమా చేయించగా, ఫ్రెంచివారు దానిని పట్టుకొనిరి. నీ వెఱిగినది దాచితివని బీమాదారు వాదించెను” అనెను. “గవర్నరు ఓడిపోయెనా?” అంటిని. “లేదు, గెలిచెను. లోకమెల్ల నెఱిగినదానిని చెప్పకుండుట దాచుట కాదనిరి. కాని నీ గడ్డ లోకమెఱుగదు గదా” అనెను. మరిదికి పరిహాసమెక్కువ, ఆ దినమున నాకది మందువలె పనిచేసినది.

మా అంబాజీపేట సంతలో కురిడీ కాయ కొనువారు దానిని చెవికడ ఆడించి చూతురు. అమ్మువాడు లోనిది తానెఱుగడు, కొనువాడును ఎఱుగడు. అయినను కాయకు చిల్లు కనబడినచో చూపి అమ్మవలెను. నా చేతికి తగిలిన గడ్డ ఆ చిల్లు వంటిది.

“ఉన్నది. పరీక్ష జరిగినది. ఫలితము రాలేదు” అని వ్రాసి కాగితముల నకళ్లు జతచేసితిని. మావారు, “బీమా ఇవ్వకపోయిన?” అనిరి. “లేకుండ పోవుదును, లేదా పోను. ఉన్నదనుకొని మోసపోను” అంటిని. నాలుగుదినములకు కంపెనీవారి జవాబు వచ్చెను. ఆ గడ్డయు, దానివలన కలుగునదియు తప్ప మిగిలిన జ్వరములకు, ప్రమాదములకు, సామాను పోవుటకు బీమా ఇత్తురట. ఆ గడ్డ కారణమున ప్రయాణము మానుకొన్నచో టిక్కెట్టు సొమ్ము మాత్రమీయరు; కారణము ముందే తెలిసినది గనుక. జూన్‌లో టిక్కెట్టుతోపాటు బీమాయు కొనియుండినచో, పిదప బయటపడిన జబ్బుచే మానుకొనిన ప్రయాణమునకు సాధారణముగా పరిహారము దొరకెడిది. మఱచుటకు నేను చెల్లించిన మూల్యమిది. మన సోదరీమణులు టిక్కెట్టు కొనిననాడే బీమాయు కొనుడు.

ఫలితము వచ్చినది, అదియు తేల్చి చెప్పలేదు. కణములు కొన్ని వికృతముగా నున్నవి, కేన్సరు కనబడలేదు, గడ్డనంతయు తీసి చూచినగాని చెప్పజాలమనిరి. శస్త్రచికిత్స మానుకొని విమానమెక్కుటకు వైద్యురాలు సమ్మతింపలేదు. వైద్యుని మాటకు విరుద్ధముగా ప్రయాణము చేసినవారికి బీమా వర్తింపదని పాలసీలోను చదివియుంటిని. ఆ రాత్రి మా యమ్మాయితో ఫోనులో మాటాడుట మిక్కిలి కష్టమయ్యెను. అది యేడ్వలేదు. “అమ్మా, నీవు ముందు తీయించుకో” అని మాత్రమే యనినది. ఫోను పెట్టిన తరువాత ఏడ్చియుండును.

మా వియ్యపురాలు కొత్తపేటలో నుండును. తొలికాన్పు పుట్టింటివారిదను పట్టింపు ఆమెకును ఉన్నది, నాకును ఉన్నది. అయినను ఆమె పాస్‌పోర్టు, వీసా సిద్ధముగా నుండుటచే వారమునకే బయలుదేఱినది. నేను చేసిన కాయపు సీసాలను ఆమె చేతికిచ్చునపుడు ఏమియు పలుకలేకపోతిని. ఆమె నా భుజముపై చేయివేసి, “చెల్లెలా, దీనిని నేను పెట్టినను అమ్మాయికి నీ చేతి రుచియే తెలియును” అనినది. పెండ్లినాటి మాటపట్టింపులన్నియు ఆ నిమిషమున మఱచిపోతిని.

గడ్డను తీసిరి. కేన్సరు కాదు. ఏటేట పరీక్ష చేయించుకొనవలెనని చెప్పిరి. నేను కాకినాడలో కట్లతో నుండగనే అచట ఆడపిల్ల పుట్టినది. ఫోను తెఱమీద దాని పిడికిలి చూచితిని.

నవంబరులో వైద్యురాలివద్ద ప్రయాణము చేయవచ్చునను కాగితము పుచ్చుకొని, క్రొత్తగా దరఖాస్తు పెట్టి, గడ్డ సంగతి, శస్త్రచికిత్స సంగతి యంతయు వ్రాసితిని. ఈమాఱు ఏజెంటు కాగితములను మడిచి నాకీయలేదు; తానే నకళ్లు తీసి జతచేసెను. డాలస్ విమానాశ్రయమున అధికారి, తినుబండారములేమైన తెచ్చితివా యని యడిగెను. పూతరేకులు, కందిపొడి, ఆవకాయ, రెండవ విడత కాయపు సీసాలు అని వరుసగా చెప్పితిని. అతడు కాయపు సీసాను ఎత్తి వాసన చూచి, ఒక్క క్షణము కన్నులు మూసికొని, మాఱుమాటాడక నా చేతికిచ్చెను.