పదో ఏటి పులి

"ఇంతకూ వాళ్లు ఏం మొక్కుకున్నరంటనే?"

ఫోన్‌లో ఫొటోలు చూస్తూ అమ్మ అడిగిన ప్రశ్న ఇది. 2025 ఏప్రిల్‌లో డాలస్ నుంచి మా అన్న పంపిన ఫొటోలవి. అన్న ఒంటినిండా వెండి కవచం, చేతిలో కత్తి. వదిన తలమీద కిరీటం. తొమ్మిదేళ్ల మా మేనకోడలు నేలను ఊడ్చే గౌనులో యువరాణి! కాస్త పరీక్షగా చూస్తే గుట్టంతా బయటపడింది. కవచమేమో అట్టముక్కలకు చుట్టిన వంటింటి అల్యూమినియం కాగితం. కిరీటం కేకు డబ్బా. ఇక ఆ గౌను... అన్న పెళ్లికి అమ్మ కొనిపెట్టిన పోచంపల్లి దుప్పటి!

డాలస్‌కు దక్షిణాన వాక్సహాచీ అనే ఊరుంది. 1981 నుంచి ఏటా వసంతంలో అక్కడ రినైసెన్స్ ఫెయిర్ జరుగుతోంది. పదహారో శతాబ్దపు ఇంగ్లండ్ పల్లె ఎలా ఉండేదో అలా ఒక ఊరినే నిలబెడతారు. రాజులు, రాణులు, కమ్మరులు, గారడీవాళ్లు... చూడటానికి వెళ్లేవాళ్లలోనూ చాలామంది వేషాలతోనే వెళ్తారు. ఈ ముచ్చట మొదలైంది మాత్రం కాలిఫోర్నియాలో. 1963లో ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచరమ్మ, ఆమె భర్త కలిసి లాస్ ఏంజెలెస్‌లో ఇలాంటి జాతర పెడితే, అది మెల్లగా అమెరికా అంతా పాకింది.

పేపర్లో పనిచేసేదాన్ని కదా, ఇదంతా అమ్మకు విడమరచి చెప్పాను. ఓపిగ్గా విని మళ్లీ మొదటికే వచ్చింది.

"అది సరేనే. మొక్కు లేకుంట వేషమెందుకు కడ్తరు?"

నాయిన పక్కనే మంచంమీద కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పాలంటే ముందు మా ఊరి పీర్ల పండుగ సంగతి చెప్పాలి.

* * *

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో, డిండి ప్రాజెక్టుకు దగ్గర్లో ఉంటుంది మా ఊరు. మాది నల్లగొండ జిల్లా. చేలు దాటితే పాలమూరు. 2016లో జిల్లాలు విడగొట్టాక అటు పక్క నాగర్‌కర్నూల్ అయింది గానీ, మా అమ్మకు ఇప్పటికీ అది పాలమూరే. ఎర్ర నేలలు, రాళ్ల గుట్టలు, వానను నమ్ముకున్న పత్తిచేలు. నా చిన్నప్పుడు పనుల్లేని కాలంలో సగం ఊరు బొంబాయి, పుణె బాట పట్టేది. ఎక్కడున్నా అందరూ తిరిగొచ్చే పండుగలు రెండే. ఒకటి దసరా, రెండోది పీర్లు.

ముహర్రం నెలవంక కనబడగానే పీర్ల చావిడి ముందు గుండం తవ్వుతారు. పెట్టెలోంచి పీర్లను తీసి, కడిగి, రంగురంగుల దట్టీలు కడతారు. హసన్, హుస్సేన్, బీబీ ఫాతిమా... అన్నీ ప్రవక్త ఇంటివాళ్ల పేర్లే. క్రీ.శ. 680లో ఇరాక్‌లోని కర్బలాలో ప్రవక్త మనవడు హుస్సేన్ ప్రాణాలర్పించిన రోజు ఈ నెలలో పదోనాడు. షియా ముస్లింలకు అది పండుగ కాదు, సంతాప దినం. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలే. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌లో కట్టించిన బాద్‌షాహీ అషుర్‌ఖానాను ఇప్పటికీ చూడొచ్చు. ఆ శోకం పట్నం దాటి పల్లెకు వచ్చేసరికి అందులో మన డప్పులు, మన మొక్కులు కలిసిపోయాయి. మా ఊళ్లో ముస్లింల ఇళ్లు మూడే. పీర్లకు ఊదు వేయని ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు.

వేషాలూ ఆ మొక్కుల్లోంచి వచ్చినవే. బిడ్డ దక్కితే ఫకీరును చేస్తామని మొక్కుకుంటారు. మెడలో రంగు దారం, భుజాన జోలె వేసుకుని ఐదిళ్లు అడుక్కురావాలి. ఎంత ఉన్నవాళ్ల పిల్లయినా సరే, అడుక్కోవాల్సిందే! కొందరు గోనెపీచు చుట్టుకుని ఎలుగుబంటి అవుతారు. కొందరు పులి అవుతారు.

మా నాయిన పులి.

* * *

1993లో నాకు నాలుగేళ్లు. జ్వరం మెదడుకు ఎక్కింది. పట్నం ఆస్పత్రిలో డాక్టర్లు ఏ మాటా చెప్పలేదట. ఆ రాత్రి వరండాలో నిలబడి, "నా బిడ్డ బతికితే పదేండ్లు పులేషం కడ్త" అని నాయిన మొక్కుకున్నాడు.

నేను బతికాను. ఆ ఏడు జూలై మొదట్లో పీర్లొచ్చాయి. నాయిన మొదటిసారి పులి కట్టాడు.

అన్నీ ఇంట్లోనే తయారు. పాత పేపర్లను చింతగింజల జిగురుతో ఒకదానిమీద ఒకటి అంటించి పులి తల చేసేవాడు. పాత ధోతిలో గడ్డి కూరి, మధ్యలో ఇనుప తీగ పెడితే తోక. ఒంటికి మాత్రం తలుపులకు వేసే ఎనామిల్ రంగు! తెల్లారుజామున మొదలుపెడితే రంగు ఆరేదాకా చేతులు చాపి నిలబడే ఉండాలి. కూర్చోకూడదు. చెమట బయటికి రాదు. సాయంత్రం దాన్ని కిరసనాయిల్‌తో రుద్ది తీస్తుంటే చర్మం కందిపోయేది. తర్వాత వారం రోజులు నాయిన దగ్గర అదే వాసన. పండుగ అయిన రాత్రి దర్వాజ చట్రం మీద కత్తితో ఒక గాటు పెట్టేవాడు. ఏడాదికో గాటు.

2001లో నేను ఏడో తరగతి. మండలంలో హాస్టల్లో ఉండి చదువుతున్నాను. ఆ ఏడు పీర్లు ఏప్రిల్ మొదటి వారంలో వచ్చాయి. ఎండ మండిపోతోంది. హాస్టల్ స్నేహితురాళ్లు ముగ్గురు మా ఊరి పండుగ చూస్తామని నాతో వచ్చారు. ఇద్దరి తండ్రులు సార్లు, ఒకరి తండ్రి గుమాస్తా.

గుండం దగ్గర నాయిన ఆడుతున్నాడు. నేలమీద పెట్టిన పది రూపాయల నోటును పళ్లతో అందుకోవడానికి వెనక్కి వంగాడు. రంగు పగిలి పొట్టమీద బీటలు. అందరూ ఈలలు వేస్తున్నారు. మా స్నేహితురాలొకతె నవ్వుతూ, "ఎవరే ఆ పులి?" అంది.

"నాకు తెల్వదు" అన్నాను.

నాయిన మాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నోటు అందుకున్నాడు, లేచాడు, డప్పు వైపు తిరిగి ఆడుతూ వెళ్లిపోయాడు. విన్నాడో లేదో తెలియలేదు.

మరుసటి ఏడు పులి కట్టలేదు. "ఏమైంది?" అంటే "మోకాలు నొస్తుంది" అన్నాడు. దర్వాజ మీద తొమ్మిది గాట్లే మిగిలాయి. తొమ్మిది తర్వాత ఖాళీ చెక్క. డిప్లొమా చదవడానికి పట్నం వెళ్లినా, ఉద్యోగం వచ్చినా, పెళ్లయినా, ఊరికి వెళ్లినప్పుడల్లా ఆ దర్వాజ కిందినుంచే లోపలికి వెళ్లాలి. లెక్క పెట్టకుండా ఎప్పుడూ దాటలేదు.

* * *

2025లో పిల్లల సెలవులకు అన్న వాళ్లు వచ్చేసరికి పీర్లూ కలిసొచ్చాయి. పదోనాడు జూలై 6, ఆదివారం. అదే రోజు తొలి ఏకాదశి కూడా! 2024లోనూ జూలై 17న ఈ రెండూ ఒకేరోజు వచ్చాయి. రెండూ చంద్రుడి లెక్కలే. కాకపోతే మన పంచాంగం రెండు మూడేళ్లకోసారి అధిక మాసం కలిపి పండుగలను రుతువులతో నిలబెడుతుంది. హిజ్రీ లెక్కలో ఆ సర్దుబాటు లేదు కాబట్టి పీర్లు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ముప్పైమూడేళ్లకు ఏడాదంతా చుట్టి వస్తాయి. అందుకే నాయిన మొదటిసారి పులి కట్టిన జూలైలోకే అవి మళ్లీ వచ్చాయి. అమ్మ ఏకాదశి ఉపవాసం ఉండి, ఒక చేత్తో పేలాల పిండి, ఒక చేత్తో పీర్లకు మలీద తయారుచేస్తోంది. ఆమెకు అందులో వింతేమీ లేదు.

అసలు పేచీ శనివారమే వచ్చింది. మేనకోడలు నెలలు నిండకుండా పుట్టినప్పుడు అమ్మ ఇక్కడినుంచే ఫకీరును చేస్తానని మొక్కుకుందట. అన్నకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"నా బిడ్డ ఊళ్లె అడుక్కునుడేందమ్మా?" అన్నాడు.

"నీ బిడ్డనేరా. అందుకే అడుక్కోవాలె" అంది అమ్మ.

వదిన మాత్రం మారు మాట్లాడకుండా ఆకుపచ్చ బట్ట తెచ్చి కుట్టు మిషన్ ముందు కూర్చుంది. గంటలో జుబ్బా, జోలె తయారు. పిల్ల గబగబా తొడుక్కుని వీధిలోకి పరుగెత్తింది. ఐదిళ్లన్న మాట ఎవరు చెప్పారో ఏమో, పదిహేను ఇళ్లు తిరిగి జోలె నిండా బియ్యంతో వచ్చింది! ముఖమంతా చెమట.

"అత్తా, అందరూ నువ్వెవరి బిడ్డవని అడిగారు. డాడీ పేరు ఎవరికీ తెలీట్లేదు. అందుకే తాత పేరు చెప్పా. పులి తాత మనవరాలివా అన్నారు. అవునన్నా. తాత పులా?"

ఎవరూ మాట్లాడలేదు. నాయిన బియ్యాన్ని చేటలోకి వంచుకుంటున్నాడు.

నేనే అడిగాను. "నాయినా, తోక ఉన్నదా?"

కొంచెంసేపు నా ముఖం చూశాడు. తర్వాత లేచి, నిచ్చెన వేయించి అటక మీదనుంచి గోనెసంచి దింపించాడు. పులి తలను ఎలుకలు కొట్టేశాయి. తోక మాత్రం బాగానే ఉంది. తీగ తుప్పు పట్టింది, అంతే.

ఆడమనిషి పులి కట్టడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు. అమ్మ వెళ్లి ముజావరును అడిగింది. ఆయన గడ్డం నిమురుకుని, "మొక్కుకున్నది ఆ పిల్ల పానం కోసమే గదమ్మా. ఆమెనే కడ్తె తప్పేంది?" అన్నాడట.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. అమ్మ పసుపుపచ్చ నూలు చీరను కత్తిరించి వదిన నిలువెల్లా అంగీ కుట్టింది. నల్ల చారలకు మా ఆయన గొడుగు బలి. ఉదయం ముఖానికి రంగు వేసింది మేనకోడలే. వాక్సహాచీ జాతరకని కొన్న డబ్బా దాని సంచిలో ఉంది. సబ్బుతో కడిగితే పోతుందని తెలిసి నాయిన ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కిరసనాయిలే వద్దా?" అన్నాడు. తోక మాత్రం తనే కట్టాడు. మూడు ముళ్లు వేసి, గట్టిగా లాగి చూశాడు.

నేను బాగా ఆడలేదు. ఆ సంగతి దాచడమెందుకు! పది నిమిషాలకే ఆయాసం. గొడుగు బట్ట లోపల ఉడికిపోయాను. ఎనామిల్ రంగు పూసుకుని ఏప్రిల్ ఎండలో రోజంతా ఎలా ఆడాడో అనుకున్నాను. నోటు అందుకోబోయి ఒరిగిపోతే ఊరంతా నవ్వింది. డప్పు కొట్టేవాళ్లు జాలిపడి దరువు తగ్గించారు. బొంబాయి నుంచి వచ్చిన కుర్రాడెవరో చావిడి అరుగు దగ్గర నాయిన్ను అడుగుతున్నాడు. "పెద్దయ్యా, ఎవరా పులి?"

"నా బిడ్డ" అన్నాడు నాయిన. డప్పుల్లో వినబడదేమోనని మళ్లీ గట్టిగా అన్నాడు.

పొద్దుగూకే వేళ పీర్లు సాగిపోయాయి. చెరువులో కడిగి, బట్ట చుట్టి పెట్టెలో పెట్టేశారు. ఇంటికొచ్చాక నాయిన కత్తి తెచ్చి దర్వాజ మీద పదో గాటు పెట్టాడు. చెయ్యి వణికి అది కాస్త వంకర పోయింది. అన్న ఫొటో తీశాడు. "అమ్మా, మేం మళ్లీ ఏప్రిల్లో వేషాలేస్తే ఏం మొక్కుకోమంటవ్?" అని నవ్వాడు. "అందరు సల్లగుండాలని మొక్కుకోరాదురా" అంది అమ్మ, పేలాల పిండి చేతిలో పెడుతూ.

అందరూ పడుకున్నాక నాయిన మంచం పక్కన కూర్చున్నాను. ఇరవై నాలుగేళ్లుగా గొంతులో ఉన్నదాన్ని అడిగేశాను.

"నాయినా, ఆ ఏడు నువ్వెందుకు కట్టలేదు? నేనన్నది విన్నవా?"

నాయిన దుప్పటి సర్దుకున్నాడు.

"మోకాలు నొచ్చింది బిడ్డా. పో, పండుకో. అలిసినవ్."

ఆయన ఆ మాట మార్చలేదు. నేనూ మళ్లీ అడగలేదు.