ఎడమకాలి పాఠము

నాసికము చెంత త్ర్యంబకేశ్వరమున పుట్టిన గోదావరి మహారాష్ట్రమును దాటి వచ్చి, నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి యొద్ద తెలంగాణ నేలపై అడుగుపెట్టుచున్నది. మంజీరయు హరిద్రయు అచటనే దానితో కలియుటచే జనులు ఆ చోటును త్రివేణీ సంగమమని పిలుతురు. ఎగువన నిజాంసాగరు జలాశయము పట్టి నిలుపునది ఆ మంజీర నీటినే. దాని కాలువల పారకము వలననే బోధను ప్రాంతము చెరకు పంటకు పేరుగాంచెను.

ఇట్టి నదీతీరపు పల్లెలలో బాలునకు ఈత నేర్పు పద్ధతి యొకటి కలదు. పెద్దవాడొకడు బాలుని నడుమునకు బెండ్లు కట్టి నీటిలో దింపును. బెండ్లున్నంతవరకు బాలుడు మునుగడు. కాళ్లు చేతులు ఆడించుట మెల్లగా అలవడును. కొన్ని దినములు గడచిన పిమ్మట ఆ పెద్దవాడు ఒక బెండును తీసివేయును. బాలునకు ఆ సంగతి తెలియనైనను తెలియదు. మరికొన్ని నాళ్లకు మరియొకటి తీయును. తుదకొక యుదయమున నడుమునకు త్రాడు మాత్రమే మిగులును; బాలుడు ఈదుచునే యుండును. చేయి ఇట్లు చాపుము, కాలు ఇట్లు కొట్టుము అని ఒడ్డున నిలిచి వేయిసారులు చెప్పినను రాని విద్య ఈ విధమున వచ్చినది.

ఇందు బోధన యెక్కడ నున్నది? మాటలలో లేదు. ఏ బెండును ఏనాడు తీయవలెనో యెరుగుటలో నున్నది. కాని దారిని పోవువానికి తుండుగుడ్డ పరచుకొని ఒడ్డున ఊరక కూర్చున్న ముసలివాడు కనబడును గాని, ఉపాధ్యాయుడు కనబడడు. శరీరమునకు విద్య గరపువారిని గుర్తించుటలో గల చిక్కంతయు ఇదియే.

పూర్వము బడులలో వ్యాయామ మనగా డ్రిల్లు. పిల్లలు వరుసలుగా నిలువబడుటయు, మాస్టరు ఈల వేసినప్పుడెల్ల చేతులెత్తి దింపుటయు అందలి ముఖ్యాంశములు. 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశీయుడు మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను నెలకొల్పెను. వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేయుటకు మన దేశమున వెలసిన మొదటి కళాశాల యదియే. నేడు విశ్వవిద్యాలయములలో వ్యాయామ శాస్త్రమును ఒక శాస్త్రముగనే బోధించుచున్నారు. గుండె యెట్లు కొట్టుకొనును, కండరము ప్రాణవాయువును ఎంత వాడుకొనును, అలసట ఎచటనుండి వచ్చును అనునవి అందలి ప్రశ్నలు. ఈ ప్రశ్నలను మొదట శోధించినవారిలో నొకడైన ఏ. వి. హిల్ కండరములనుగూర్చిన పరిశోధనకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందెను. ఆయన ఇతరులను పరుగెత్తించి తాను నీడన కూర్చుండలేదు. తానే పరుగెత్తి తన శ్వాసను కొలుచుకొనెను.

ఇట్టి శాస్త్రమును రెండు విధముల బోధింపవచ్చును. ఒక ఉపాధ్యాయుడు నల్లబల్లపై గుండె బొమ్మ గీచి, నాడి నిమిషమునకు సుమారు 70 సార్లు కొట్టుకొనునని వ్రాయించును. మరియొకడు విద్యార్థులను మైదానమునకు కొనిపోయి, మణికట్టుపై వ్రేళ్లుంచి నాడి లెక్కపెట్టుమని చెప్పును. రెండుసార్లు చుట్టివచ్చిన పిదప మరల లెక్కింపుమనును. ఇద్దరి లెక్కలు ఏల వేరుగా వచ్చినవో వారినే చెప్పుమనును. పరీక్షలో ఇరువురి శిష్యులకును ఇంచుమించుగా ఒకే మార్కులు రావచ్చును. మార్కులను మాత్రమే చూచువానికి ఇందలి భేదము తెలియదు.

క్రీడలలో మార్కులకు బదులుగా పతకములను చూతురు. శిక్షకులను గౌరవించుటకై భారత ప్రభుత్వము 1985లో ద్రోణాచార్య పురస్కారమును నెలకొల్పెను. మొదటి ఏట దానిని పొందినవారిలో పి. టి. ఉషకు పరుగు నేర్పిన ఓ. ఎం. నంబియారు ఒకడు. ద్రోణుని పేరు పెట్టుటలో నొక చిక్కు లేకపోలేదు. అడవిలో మట్టిబొమ్మ ముందు నిలిచి తనంతట తాను విలువిద్య నేర్చిన ఏకలవ్యుని బొటనవ్రేలిని అడిగినవాడు ఆ ద్రోణుడే గదా! ఆ కథ యెరిగిన పిల్లలు ఈ పేరు విని కొంచెము నవ్వుకొనినచో వారిని తప్పుపట్టరాదు.

నిజామాబాదు పట్టణమునకు ఈ పురస్కారముతో నొక సంబంధము కలదు. 1996లో ఆ పట్టణమున జన్మించిన నిఖత్ జరీన్ మొదట పరుగుపందెముల బాలిక. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ ఆమెను కలెక్టరేటు మైదానమునకు వెంటబెట్టుకొని పోవుచుండెను. అచట బాక్సింగునందు బాలికలు లేకుండుట చూచి, ఆడుపిల్లలేల లేరని ఆమె తండ్రి నడిగెను. తొలి పాఠములు తండ్రియే చెప్పెను. తరువాత శంషాముద్దీన్ అను శిక్షకుడు ఆ పట్టణముననే ఆమెకు విద్య గరపెను. 2009లో ఆమె విశాఖపట్టణమందలి భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రమున ఐ. వెంకటేశ్వరరావు శిక్షణలో చేరెను. 2022లో ఇస్తాంబులు నగరమునను, 2023లో ఢిల్లీలోను ఆమె ప్రపంచ విజేత యయ్యెను. వెంకటేశ్వరరావు 2011లోనే ద్రోణాచార్య పురస్కారమును పొందియుండెను. శంషాముద్దీన్ కుమారుడును శిష్యుడును అగు హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీలలో కాంస్య పతకము సాధించెను. కలెక్టరేటు మైదానము మొదలుకొని ఇస్తాంబులు వరకు నిఖత్‌కు పలువురు గురువులు. వారిలో ఎవరు ఏ బెండును తీసిరో పతకము చెప్పజాలదు.

పతకములు చూచియైనను గుర్తింపదగిన ఒక గురువునకు ఈ పురస్కారము అందనే లేదు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో హైదరాబాదున పుట్టి, ఆ నగరపు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. కాచిగూడ మాధ్యమిక పాఠశాల వానిలో నొకటి. పిదప వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలలలో ఆటల బాధ్యతను చేపట్టెను. 1943 మొదలుకొని మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండెను.

ఆయన బాలురకు ఉపన్యాసము లియ్యలేదు. ఆట నియమములను మార్చెను. ఒక పోటీలో బంతిని కాలితో దొరలించుకొని పోరాదు. అందిన వెంటనే తోడివానికి అందింపవలెను. వేరొక పోటీలో వాటమైన కాలిని వాడరాదు. కుడికాలి వాటమువాడు ఎడమకాలితోనే తన్నవలెను. చిన్న పిల్లలు పెద్దవారి నడుమ నలిగిపోకుండుటకై ఎత్తునకు హద్దు పెట్టి మరికొన్ని పోటీలు జరిపించెను.

ఎడమకాలి ఆట నెవరైనను ఒకసారి ఆడి చూడవచ్చును. మొదట అంతయు నవ్వులాటయే యగును. బంతి యొక వైపు, కాలొక వైపు పోవును. బాగుగా ఆడువాడే ముందుగా సిగ్గుపడును. కొంతసేపటికి నవ్వు ఆగిపోవును. శరీరము తన తూనికను మార్చుకొనును, భుజము వంగును, నిలుచు కాలు తన చోటును వెదకుకొనును. ఎవరును చెప్పకయే ఇవన్నియు జరుగును. వాటమైన కాలు ఆ బాలునకు బెండు వంటిది. రహీము దానిని విప్పివేసెను.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు చాల కాలము తరువాత సిద్ధాంతముగా చెప్పిరి. 1986లో కార్ల్ న్యూయెల్ అను పండితుడు, మనుష్యుని కదలిక మూడు కట్టుబాట్ల నడుమ రూపొందునని వ్రాసెను. ఆడువాని శరీరము ఒకటి, చుట్టునున్న పరిసరము రెండవది, చేయవలసిన పని మూడవది. పని యొక్క నియమమును మార్చినచో శరీరము క్రొత్త కదలికను తానే కనుగొనును. నేడు వ్యాయామ శాస్త్రమును చదువు విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇది యొక ముఖ్యమైన పాఠము. హైదరాబాదు బాలురు ఈ పాఠమును అంతకు ఎన్నియో యేండ్ల ముందే మైదానపు దుమ్ములో నేర్చుకొనియుండిరి.

ఫలితములు వెంటనే కొన్ని కనబడెను, కొన్ని కనబడలేదు. రహీము శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టు స్వర్ణ పతకము పొందెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో అదే గురువు వెంట వెళ్లిన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయెను. ఆ చలిలో మనవారు పెక్కురు వట్టి కాళ్లతో ఆడిరి. ఆనాడు పరీక్షాధికారి యెవడైన వచ్చియున్నచో రహీము పాఠములకు సున్న వేసి పోయియుండును. నాలుగేండ్లు గడచినవి. 1956లో మెల్బోర్నున భారత జట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4–2 తేడాతో ఓడించి, ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. సున్న వేసిన సంవత్సరముననా, నాలుగవ స్థానము వచ్చిన సంవత్సరముననా, ఏనాడు ఆయనను తూచవలెను?

1962 జకార్తా ఆసియా క్రీడలు వచ్చునప్పటికి ఆయన శరీరమును క్యాన్సరు వ్యాధి కృశింపజేయుచుండెను. జట్టులో వెనుక వరుసను కాయు జర్నైల్ సింగుకు తలపై దెబ్బ తగిలి కుట్లు పడెను. కుట్లున్న తలతో వెనుక నిలిచి బంతులను అడ్డుట కష్టము. అట్టివానిని ఇంటికి పంపుటయో బల్లపై కూర్చుండబెట్టుటయో తోచును. రహీము అతనిని ముందు వరుసకు పంపెను. జర్నైల్ సెమీఫైనలులో నొక గోలు, దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలులో నొక గోలు వేసెను. పి. కె. బెనర్జీ మరియొకటి వేయగా, 2–1 తేడాతో స్వర్ణ పతకము మనకు దక్కెను. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు స్వర్ణ మింతవరకు రాలేదు. 1963 జూన్ 11న రహీము మరణించెను.

ద్రోణాచార్య పురస్కారము పుట్టునాటికి ఆయన పోయి 22 ఏండ్లయ్యెను. 1990లో దానిని పొందిన ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదు వాడే. రహీము పేరు దేశమున పలువురకు తెలిసినది 2024లో వచ్చిన ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వలన. ఆలస్యముగా వచ్చినను ఆ గుర్తింపు సంతోషకరమే. కాని చలనచిత్రమునకు కావలసినది జకార్తా. ఎడమకాలి పోటీలు జరిగిన మైదానములలో కెమెరాకు అంతగా పని యుండదు.

జాతీయ ఉపాధ్యాయ పురస్కారములను 2023 నుండి ఉన్నత విద్యలోని ఉపాధ్యాయులకును ఇచ్చుచున్నారు. ఆ యేడు 13 మంది వానిని పొందిరి. ఇట్టి గుర్తింపునకు దరఖాస్తులు, ధ్రువపత్రములు, వివరముల కట్టలు కావలసియుండును. అవి లేకున్న ఎంపిక చేయువారికి ఆధార మేమున్నది? అయినను వ్యాయామ శాస్త్రము బోధించు ఉపాధ్యాయుని తూచుటకు కూర్చున్నవారు ఆ కట్టలను కొంతసేపు ప్రక్కనుంచి మైదానమునకు నడచి వెళ్లుట మేలు. అచట ఆయన శిష్యులలో అందరికంటె వెనుకబడిన వానిని పిలిచి, బంతిని వాని ఎడమకాలి ముందు పెట్టి చూడవలెను.