చెట్టు కప్పకు తగిన ఇల్లు



మన బాత్‌రూము గోడల మీద పగలంతా అతుక్కుని పడుకునే గోధుమరంగు కప్పను మీరందరూ చూసే ఉంటారు. అది చెట్టు కప్ప. దాని వేళ్ల చివర గుండ్రటి బిళ్లలుంటాయి. వాటివల్లే నున్నటి గోడను, గాజును కూడా ఎక్కగలదు. వానాకాలం రాగానే రాత్రిపూట టకటకమని అరిచేది అదే. పురుగుల్ని తింటుంది, మన జోలికి రాదు. అయినా మనవాళ్లు చీపురు పట్టుకుని తరుముతారు. ఆ కప్ప పిల్లల్ని మేము 2025 వానాకాలంలో సైన్సు గదిలో పెంచాం. ఎలా పెంచామో, చివరికి ఎందుకు వదిలేశామో రాస్తున్నాను.

జూలైలో ఒకరోజు నీళ్ల తొట్టి మీదికి వంగిన జామకొమ్మకు తెల్లటి నురగ ముద్ద కనిపించింది. "ఏట్రా అది, ఎవడో సబ్బు నురగ పూసేడు" అని అందరూ నవ్వారు. సైన్సు మాస్టారు వచ్చి చూసి, అది చెట్టు కప్ప గూడు అన్నారు. గుడ్లు పెట్టేటప్పుడు కప్ప తన ఒంట్లోంచి వచ్చే జిగురును కాళ్లతో చిలికి నురగ చేస్తుంది. పైన ఎండి పొర కడుతుంది, లోపల గుడ్లు తడిగా ఉంటాయి. పిల్లలు తయారయ్యాక నురగ కరిగి కింద నీళ్లలో పడతాయి. అందుకే నీళ్లకు పైనే గూడు పెడుతుంది.

కానీ ఆ ఆదివారమే తొట్టిని బ్లీచింగు పౌడరుతో కడగాలి. అది మన ఆరోగ్యం కోసం చేసేది, మానడానికి లేదు. ఆ నీళ్లలో పడితే పిల్లలు బతకవు. వార్డెన్ సార్‌ని అడిగాం. "పెంచండిగానీ పడకగదిలో వద్దు" అన్నారు. కప్పలున్నచోటికి పాములు వస్తాయి కదా, ఆయన చెప్పింది సబబే. కొమ్మను మెల్లగా కోసి, సైన్సు గదిలో ఒక ప్లాస్టిక్ టబ్బు మీద జానెడు ఎత్తున పురికొసతో కట్టాం. టబ్బులో గెడ్డ నీళ్లు పోశాం. కుళాయి నీళ్లు పోయాల్సి వస్తే ఒకరోజంతా మూత లేకుండా ఉంచి పోసేవాళ్లం. అలా ఉంచితే క్లోరిను పోతుంది.

నాలుగో రోజు పొద్దున్నకి టబ్బు నిండా తోకకప్పలు! అన్నింటికీ చోటు చాలదని ముప్పై ఉంచుకుని మిగతావి బడి వెనక కుంటలో వదిలాం. వాటికి ఉడికించిన తోటకూర చిటికెడు వేసేవాళ్లం. వంటామె మొదట్లో "మీకే చాల్దు, కప్పలకి కూరా?" అని కసిరింది. తర్వాత ఆమే గిన్నెలో తీసి ఉంచేది. రెండు రోజులకొకసారి సగం నీళ్లు మార్చాం. ముందు వెనక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు వచ్చాయి. ముందు కాళ్లు వచ్చాక తోక లోపలికి ఇంకిపోతుంది. ఆ రోజుల్లో పిల్ల ఏమీ తినదు, నీళ్లలోంచి పైకి రావాలని చూస్తుంది. ఎక్కడానికి ఆధారం లేకపోతే మునిగి చచ్చిపోతుంది. అందుకని టబ్బులో ఒక రాయి ఏటవాలుగా పెట్టాం.

ఇక ఇల్లు. మూల పడి ఉన్న పాత చేపల గాజు పెట్టెను నిలువుగా నిలబెట్టాం. ఎందుకంటే చెట్టు కప్పకు వెడల్పుకంటే ఎత్తు ముఖ్యం. తెరిచి ఉన్న వైపు గాలి ఆడేటట్టు దోమతెర ముక్క కట్టాం. అడుగున తడిమట్టి, ఎండుటాకులు. లోపల రెండు జామకొమ్మలు, ఒక కుండీలో మొక్క. మట్టి మూకుడులో కొంచెం నీళ్లు. కప్ప నీళ్లను నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. మన చేతి సబ్బు, ఉప్పు, వేపనూనె కూడా అలాగే దాని ఒంట్లోకి పోతాయి. అందుకే చేత్తో ముట్టుకోకూడదు. తప్పనిసరైతే మంచినీళ్లతో తడిపిన చేత్తోనే పట్టుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. పెట్టెకు ఎండ తగలకూడదు, గాజు లోపల ఉడికిపోతుంది. తిండికి కదిలే పురుగులే కావాలి. అరటితొక్క కుళ్లబెడితే వచ్చే చిన్న ఈగల్ని సీసాలో పట్టి వదిలేవాళ్లం.

పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించే పని ఆరో తరగతి తమ్ముడు ఒకడు తీసుకున్నాడు. దూరం కొండమీది ఊరు వాడిది. ఇంట్లో కువి మాట్లాడతారు, తెలుగు సరిగా రాదు. జూన్‌లో వచ్చినప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. కప్పలతో మాత్రం తన భాషలో ఏదేదో చెప్పేవాడు. "ఏటి చెప్తున్నావురా?" అని అడిగితే నవ్వేవాడు. సెప్టెంబరు మొదట్లో పంతొమ్మిది పిల్లలు గాజు ఎక్కాయి. వాటిని వేళ్లమీద లెక్కపెట్టి తెలుగులో "పంతొమ్మిది అన్నా" అన్నది వాడే.

వదిలేద్దామంటే వాడు ఒప్పుకోలేదు. "ఒకటి ఉంచు అన్నా" అని పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. నాకూ ఉంచాలనే ఉంది. కానీ దసరా సెలవులకు అందరం ఊళ్లకు పోతాం, దానికి ఈగల్ని ఎవరు పడతారు? పెద్దదైతే రాత్రంతా తిరిగే జీవికి ఆ పెట్టె ఎక్కడ చాలుతుంది? వాన పడినప్పుడు అది అరిస్తే పలికే కప్ప లోపల లేదు కదా. ఇవన్నీ వాడికి అర్థమయ్యేలా మెల్లగా చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేను ఇప్పుతాను" అన్నాడు.

దూరంగా అడవిలో వదలకుండా ఆ జామచెట్టు దగ్గరే వదిలాం. దానికో కారణం ఉంది. కప్పల చర్మానికి పట్టే ఒక బూజు జబ్బును శాస్త్రవేత్తలు 1998లో కనుగొన్నారు. దానివల్ల చాలా దేశాల్లో కప్పలు నశించాయి. ఒకచోటి కప్పను ఇంకోచోట వదిలితే జబ్బులు కూడా వెంట పోతాయి. సాయంత్రం చీకటి పడ్డాక తమ్ముడు దోమతెర ముడి విప్పాడు. అవి తొందరపడలేదు. ఒక్కొక్కటే కొమ్మమీదికి పోయాయి.

మిత్రులారా, కప్పను పెంచుకుందామని ఎవరూ గోడమీంచి పట్టుకోకండి. వన్యప్రాణుల రక్షణకు 1972 నుంచి మన దేశంలో చట్టం కూడా ఉంది. నురగ గూడు కనిపిస్తే మాత్రం తొట్టి కడిగేముందు సైన్సు మాస్టారుకు చెప్పండి. గాజు పెట్టె కడిగి ఆరబెట్టి సైన్సు గదిలోనే ఉంచాం. బాత్‌రూములో కప్ప ఉంటే చీపురు తీయకండి, తలుపు తీసి ఉంచితే రాత్రికి అదే పోతుంది. పెట్టె ఎలా కట్టాలో తెలియకపోతే ఆరో తరగతి తమ్ముణ్ణి అడగండి. ఇప్పుడు తెలుగులోనే చెప్తాడు.

— 9వ తరగతి విద్యార్థి