యూరిన్ బ్యాగుకి మొహమాటమెందుకు?

పసిపిల్లల ఉచ్చగుడ్డల గురించి నలుగురిలోనూ మాట్లాడుకుంటాం. అదే ఇంట్లో పెద్దవాళ్లకి యూరిన్ బ్యాగు పెట్టారంటే మాత్రం గొంతు తగ్గించేస్తాం. అందుకే ఆ సంగతులు ఒకరి నుంచి ఒకరికి చేరవు.

మా మామయ్యగారికి ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం ఆగిపోతే, ఆస్పత్రిలో గొట్టం వేసి ఇంటికి పంపించారు. ఆపరేషన్‌కి ముందు షుగరు అదుపులోకి రావాలన్నారు. అలా 6 వారాలు ఆ గొట్టం, దాని చివర సంచీ మా ఇంట్లోనే ఉన్నాయి.

పని నేర్చుకోవడానికి నాకు రెండు రోజులు కూడా పట్టలేదు. అసలు కష్టం వేరే ఉంది. మూడోరోజు సాయంత్రమైనా సంచీలో మూత్రం 300 గీత దాటలేదు. రంగు చూస్తే ముదురు పసుపు. గొట్టం ఎక్కడా మెలిక పడలేదు. మంచం పక్క చెంబులో నీళ్లు మాత్రం పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"ఎన్ని తాగితే అన్నిసార్లు నీచేత పారబోయించాలి కదమ్మా!" అన్నారు, నావైపు చూడకుండా.

కోడలిచేత ఆ పని చేయించుకోలేక దాహం చంపుకుంటున్నారన్నమాట! గొట్టం ఉన్నవాళ్లు నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడుతుంది. గొట్టం పూడుకుపోవచ్చు, ఇన్‌ఫెక్షనూ రావచ్చు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు నీళ్లు తగ్గించమన్నవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లు బాగానే తాగాలి.

దానికి నేనో ఉపాయం చేశాను. వచ్చేపోయేవాళ్లకి కనబడకుండా పాత చీర ముక్కతో సంచీకి గలేబు కుట్టాను. ఖాళీ చెయ్యడం మామయ్యగారికే నేర్పించాను. కుర్చీలో కూర్చుని, కింద మగ్గు పెట్టుకుని, సంచీ అడుగున ఉన్న కుళాయి తిప్పుకోవడమే. ఎన్ని మిల్లీలీటర్లో, ఏ వేళకో డైరీలో రాసే పనీ ఆయనకే అప్పగించాను. ఆఫీసులో లెక్కలు రాసిన చెయ్యి కదా, గీతలు కొట్టి మరీ రాశారు! వారం తిరిగేసరికి చెంబు రెండోసారి నింపమని ఆయనే అడిగారు.

మీ ఇంట్లోనూ అవసరం పడితే ఇవి గుర్తుంచుకోండి:

* సంచీ ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

* సంచీ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందనే ఉండాలి. పైకెత్తితే మూత్రం వెనక్కి పోతుంది. అలాగని నేలకీ తగలకూడదు. మంచం పట్టెకి తగిలించండి.

* సగం దాటగానే ఖాళీ చెయ్యండి. కుళాయి మూతి మగ్గుకి తగలనివ్వకండి. ఆ మగ్గు ఇంక దేనికీ వాడొద్దు.

* లోపల నీళ్లతో ఉబ్బించిన చిన్న బుడగ గొట్టాన్ని పట్టి ఉంచుతుంది. లాగితే గాయమై నెత్తురు పడుతుంది. అందుకని గొట్టాన్ని కాస్త వదులుంచి తొడకి ప్లాస్టరు వెయ్యాలి.

* గొట్టం, సంచీ కలిసేచోట ఊరికే విప్పకండి. సంచీ ఎప్పుడు మార్చాలో నర్సునడిగి రాసుకోండి.

* గొట్టం బయటికొచ్చే చోట రోజూ సబ్బునీళ్లతో, ఒంటి దగ్గర్నుంచి బయటివైపుకి తుడవాలి. పౌడరు చల్లకూడదు.

* మలబద్ధకం ఉన్నా మూత్రం సరిగ్గా దిగదు. ఆకుకూరలు, పళ్లు పెడుతూ ఉండండి.

మూత్రం దిగడం ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బినా, చలిజ్వరం వచ్చినా, నెత్తురు పడుతున్నా, మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇవన్నీ చూస్తే పెద్ద పనిలా ఉంటుంది గానీ, చేతికి అలవాటైతే 10 నిమిషాల పని. సంచీ వైపు చూసే ముందు ఒక్కసారి మంచం పక్కనున్న చెంబు వైపు చూడండి. అందులో నీళ్లు తగ్గకపోతే, ఆ పెద్దవాళ్లు మీకు చెప్పుకోలేని మాటేదో ఉందన్నమాటే.